సముద్రం లేని ఊళ్ల పేర్లతో ఓడలు

జార్జియా రైలు కంపెనీ ఒకటి ఏడు దశాబ్దాలు నడిపిన 'సవానా లైన్' స్టీమర్ల చరిత్ర

సిటీ ఆఫ్ అట్లాంటా, సిటీ ఆఫ్ మేకన్, సిటీ ఆఫ్ అగస్టా, సిటీ ఆఫ్ బర్మింగ్‌హామ్, చాటహూచీ, నాకూచీ. ఇవన్నీ అట్లాంటిక్ సముద్రం మీద నడిచిన ఓడలు. పేర్లు మాత్రం సముద్రపు గాలి సోకని ఊళ్లవి, నదులవి, లోయలవి. చాటహూచీ నది అల్ఫారెట్టాకు కొద్ది మైళ్ల దూరంలోనే పారుతుంది. నాకూచీ లోయ హెలెన్ ఊరి పక్కన ఉంది. ఆకులు రంగు మారే కాలంలో అల్ఫారెట్టా, కమింగ్, జాన్స్ క్రీక్ తెలుగు కుటుంబాలు కార్లు వేసుకుని వెళ్లే దారి అది. న్యూయార్కు, బోస్టన్ రేవుల్లో ఒకప్పుడు కూలీల నోళ్లలో రోజూ నలిగిన ఆ పేర్ల వెనక ఒక రైలు కంపెనీ ఉంది. దాని పేరు సెంట్రల్ ఆఫ్ జార్జియా. దాని ఓడల సంస్థ పేరు ఓషన్ స్టీమ్‌షిప్ కంపెనీ ఆఫ్ సవానా. జనం 'సవానా లైన్' అనేవారు.

రైలు కంపెనీకి ఓడలెందుకన్న ప్రశ్నకు జవాబు ఆ పేర్లలోనే ఉంది. పట్టాలు ఏ ఊళ్లకు వెళ్లాయో ఓడలకు ఆ ఊళ్ల పేర్లే పెట్టారు. కంపెనీ దృష్టిలో సముద్రం పట్టాలకు కొనసాగింపు. అట్లాంటాలో బయల్దేరిన మూట న్యూయార్కులో దిగేదాకా దాన్ని మోసే బండి ఒకటే కావాలి. సవానా దాకా అది రైలు, అక్కడినుంచి ఓడ.

పట్టాలు వచ్చిన కథ

సవానా పాత రేవు. సముద్రానికి సుమారు 18 మైళ్లు ఎగువన నది ఒడ్డున ఉంటుంది. ఆవిరి ఓడల చరిత్రలో దానికి పెద్దపీటే ఉంది. 1819 మే 22న సవానా రేవు నుంచి బయల్దేరిన 'సవానా' అనే ఓడ అట్లాంటిక్ దాటిన తొలి ఆవిరి ఓడగా పేరు పొందింది. నిజానికి దారిలో ఎక్కువ భాగం తెరచాపల మీదే నడిచింది. ఆవిరి యంత్రాన్ని ప్రయాణంలో కొద్ది భాగమే వాడారు. అయినా ఆ తేదీనే అమెరికా నేటికీ జాతీయ నౌకాయాన దినంగా జరుపుకుంటోంది.

ఆ పేరు ప్రతిష్ఠలు సవానాకు సరుకు తెచ్చిపెట్టలేదు. 1830లలో పక్క రాష్ట్రపు చార్ల్‌స్టన్ రేవు నుంచి రైలు మార్గం సవానా నది ఎగువదాకా వచ్చి అగస్టా పత్తిని తనవైపు లాక్కుపోసాగింది. సవానా వర్తకులు మేల్కొన్నారు. 1833లో సెంట్రల్ రైల్‌రోడ్ కంపెనీకి రాష్ట్ర శాసనసభ అనుమతి ఇచ్చింది. తొలి అధ్యక్షుడు విలియం వాషింగ్టన్ గోర్డన్. అమెరికా బాలికలకు గర్ల్ స్కౌట్స్ ఉద్యమాన్ని 1912లో సవానాలోనే మొదలుపెట్టిన జూలియట్ గోర్డన్ లో ఆయన మనవరాలే. అల్ఫారెట్టాలో వాకిలి తట్టి కుకీలు అమ్మే తెలుగు చిన్నారుల యూనిఫారానికీ ఈ రైలు దారికీ అంత దగ్గరి చుట్టరికం ఉంది. గోర్డన్ 1842లో కన్నుమూశాడు. మరుసటి ఏడాది 1843లో సవానా నుంచి మేకన్ దాకా 190 మైళ్ల మార్గం పూర్తయింది. ఒకే యాజమాన్యం కింద అంత పొడవైన రైలు మార్గం అప్పటికి ప్రపంచంలో మరొకటి లేదని కంపెనీ చెప్పుకునేది.

ఆ కట్టలు పోసింది, దూలాలు మోసింది ఎక్కువగా బానిసలుగా ఉన్న నల్లవాళ్లు. తోట యజమానుల దగ్గర కంపెనీ వాళ్లను అద్దెకు తీసుకుంది. తర్వాత సొంతంగానూ కొన్నది. ఈ చరిత్రలో ఆ మాటను పక్కన పెట్టడానికి వీల్లేదు. రైలు మోసిన పత్తీ వాళ్ల చేతులతో తీసిందే.

అల్ఫారెట్టా అప్పటికింకా చిన్న ఊరు. మిల్టన్ కౌంటీ కేంద్రంగా 1858లో పట్టణమైంది. చుట్టుపక్కల రైతులకు పత్తి సంత. రైలు మాత్రం ఆ ఊరికి ఎన్నడూ రాలేదు. 1881లో చాంబ్లీ నుంచి రోజ్‌వెల్ వైపు వేసిన సన్న పట్టాల లైను చాటహూచీ నది దక్షిణపు ఒడ్డునే ఆగిపోయింది. నది మీద వంతెన వేసే స్తోమత దానికి చాలలేదు. అల్ఫారెట్టా పత్తి బళ్ల మీద ఆ ఒడ్డుకో, నేరుగా అట్లాంటాకో చేరాల్సిందే. అట్లాంటా నుంచి దక్షిణంగా మేకన్ వెళ్లే లైను 1870లలోకి వచ్చేసరికి సెంట్రల్ చేతుల్లో ఉంది. కొండ దిగువ పొలాల పత్తికి సవానా రేవు, దాని మీదుగా న్యూయార్కు దారి తెరుచుకున్నది అక్కడే.

కమ్మరి కొన్న ఓడలు

అమెరికా అంతర్యుద్ధంలో 1864 నవంబరు, డిసెంబరు నెలల్లో ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం అట్లాంటా నుంచి సముద్రం దాకా నడిచింది. నడుస్తూ సెంట్రల్ పట్టాలను వంద మైళ్లకు పైగా పెకలించింది. దూలాలు కుప్పపోసి నిప్పంటించి, ఎర్రగా కాలిన పట్టాలను చెట్ల చుట్టూ మెలిపెట్టింది. వాటిని 'షెర్మన్ మెడపట్టీలు' అన్నారు. యుద్ధం ముగిసేసరికి కంపెనీ దగ్గర మిగిలింది పేరు, కొంత భూమి, కాస్త పరపతి.

1866లో అధ్యక్షుడైన విలియం వాడ్లీ న్యూ హాంప్‌షైర్‌లో పుట్టిన కమ్మరి. ఇరవై ఏళ్ల ప్రాయంలో 1834లో సవానాకు పని వెతుక్కుంటూ వచ్చాడు. రైలు కట్టడంలో చేరి మెట్టు మెట్టుగా పైకెదిగాడు. ఇనుము సంగతి తెలిసినవాడు కాబట్టి పట్టాలను త్వరగా మళ్లీ పరిపించాడు. ఆయన అసలు చాతుర్యం మాత్రం రేవు దగ్గర కనిపిస్తుంది.

సవానా-న్యూయార్కు మధ్య ఆవిరి ఓడలు 1840ల చివరి నుంచే క్రమం తప్పకుండా నడిచేవి. అవి ఎక్కువగా ఉత్తరాది వర్తకులవి. వాళ్లు ఓడను మళ్లిస్తే, కిరాయి పెంచితే, రేవులో పత్తి గుట్టలుగా పడుంటుంది. రైలు ఎంత బాగా నడిచినా సముద్రపు ఒడ్డున చేతులు కట్టుకుని నిలబడాలి. పైగా ఉత్తరాదికి నేరుగా పోయే రైళ్లు పుట్టుకొస్తున్నాయి. అట్లాంటా పత్తి సవానాకు రాకుండా షార్లట్ మీదుగా వెళ్లిపోయే దారి 1873లో ఏర్పడింది. వాడ్లీ ఎదురుచూడలేదు. 1872లో కంపెనీ నడుస్తున్న ఓడలనే కొనేసింది. 1874లో వాటి కోసం ఓషన్ స్టీమ్‌షిప్ కంపెనీ ఆఫ్ సవానా పేరుతో వేరే సంస్థను నెలకొల్పింది. పేరుకు వేరు, వాటాలు రైలువే.

ఈ లెక్క బలం పట్టాల ఎడంలో కూడా ఉంది. అప్పట్లో దక్షిణాది రైలు పట్టాల మధ్య ఎడం అయిదడుగులు. ఉత్తరాదిలో నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. మీటర్ గేజి బండి దిగి, మూటలు మోసుకుని బ్రాడ్ గేజి బండెక్కిన తెలుగు తరానికి ఆ తిప్పలేమిటో చెప్పక్కర్లేదు. సరుకైతే మరీ కష్టం. పెట్టెలను పైకెత్తి చక్రాలు మార్చాలి, లేదా మొత్తం దించి మళ్లీ ఎక్కించాలి. ఎలాగూ ఒకసారి దించక తప్పనప్పుడు, సవానా రేవులో ఓడలోకే దించితే పోలా? 1886 మే 31, జూన్ 1 తేదీల్లో దక్షిణాది రైలు కంపెనీలన్నీ కూడబలుక్కుని వేల మైళ్ల పట్టాలను ఒక్కసారిగా జరిపి ఉత్తరాది కొలతకు తెచ్చాయి. ఓడలకు గేజి ఇచ్చిన రక్షణ ఆ రెండు రోజుల్లో పోయింది. అయినా సవానా లైన్ ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా నడిచిందంటే నీటి మీద కిరాయి చవక కావడమే కారణం.

వాడ్లీ 1882లో మరణించాడు. మేకన్ నగరంలో ఆయన కంచు విగ్రహం ఉంది.

ఇనుప ఓడలు

పాత ఓడలతో మొదలైన కంపెనీ త్వరలోనే సొంతంగా కట్టించడం మొదలుపెట్టింది. పెన్సిల్వేనియా రాష్ట్రం చెస్టర్‌లో జాన్ రోచ్ అనే ఐరిష్ వలసదారుడి నౌకానిర్మాణ కేంద్రం ఆ రోజుల్లో ఇనుప ఓడలకు పేరుమోసింది. 1877లో సిటీ ఆఫ్ సవానా, సిటీ ఆఫ్ మేకన్, 1878లో సిటీ ఆఫ్ కొలంబస్, గేట్ సిటీ, 1880లో సిటీ ఆఫ్ అగస్టా అక్కడ నీళ్లలోకి దిగాయి. గేట్ సిటీ అంటే అట్లాంటాకు ఆ కాలపు ముద్దుపేరు. 1880లలో చాటహూచీ, నాకూచీ, టాలహాసీ వచ్చాయి. రైలు అలబామాలో బర్మింగ్‌హామ్ దాకా పాకిన 1888లో సిటీ ఆఫ్ బర్మింగ్‌హామ్ వచ్చింది. ఆ మరుసటేడు కాన్సస్ సిటీ. ఆ ఊరికి సెంట్రల్ పట్టాలు పోలేదు. అంత దూరపు సరుకూ తన రేవుకు రావాలన్న కోరిక ఆ పేరులో ఉంది.

ఇలాంటి ఏర్పాటు సవానాలో ఒక్కచోటే లేదు. ఫ్లోరిడాలో హెన్రీ ప్లాంట్ తన రైళ్ల చివర టాంపా నుంచి హవానాకు ఓడలు నడిపాడు. సదరన్ పసిఫిక్ రైలుకు న్యూయార్కు-న్యూ ఆర్లియన్స్ మధ్య మోర్గన్ లైన్ ఉండేది. దక్షిణ భారతంలో సౌత్ ఇండియన్ రైల్వే 1914 నుంచి ధనుష్కోడి-తలైమన్నార్ మధ్య స్టీమర్లు నడిపింది. మద్రాసులో బోట్ మెయిల్ ఎక్కి కొలంబోలో దిగినవాళ్లు ఒకే టిక్కెట్టు మీద రైలు, ఓడ, రైలు ఎక్కారు. 1964 డిసెంబరు తుపాను ధనుష్కోడిని మింగేదాకా అది సాగింది. తెలుగు తీరంలో మాత్రం కథ సగమే జరిగింది. విశాఖపట్నం రేవును బెంగాల్ నాగపూర్ రైల్వే పూనికతో తవ్వించారు. 1933 అక్టోబరు 7న అందులోకి వచ్చిన తొలి ఓడ జలదుర్గ సింధియా కంపెనీది. రేవు రైలుదే, ఓడలు పరాయివి. వాడ్లీ ఏ స్థితి నుంచి తప్పించుకోవాలనుకున్నాడో విశాఖ కథ చూస్తే తెలుస్తుంది.

పత్తి, రోజిన్, పీచ్ పళ్లు

సవానా పశ్చిమపు అంచున, నది ఒడ్డున కంపెనీ వార్ఫులు ఉండేవి. రైలు పెట్టెలు నేరుగా ఓడ పక్కకు వచ్చి నిలిచేవి. పల్లెల నుంచి వచ్చిన పత్తి బేళ్లు ఉబ్బుగా ఉంటాయి. రేవులో వాటిని ఆవిరి ప్రెస్సులో పెట్టి మరింత పిండేవారు. ఓడ కడుపులో చోటుకే డబ్బు. ఎంత అణిస్తే అన్ని బేళ్లు. నల్లజాతి కూలీలు జట్లుగా ఏర్పడి, పాటలు పాడుకుంటూ, ఆ లయకు బేళ్లను సందుల్లోకి నెట్టేవారు. పత్తి ధర నిర్ణయించే సవానా కాటన్ ఎక్స్చేంజి 1872లో, అంటే కంపెనీ ఓడలు కొన్న ఏడాదే మొదలైంది. దాని ఎర్ర ఇటుకల భవనం నది ఒడ్డున ఇప్పటికీ పర్యాటకులకు కనిపిస్తుంది.

పత్తి తర్వాతి స్థానం పైన్ అడవులది. చెట్టుకు గాటుపెట్టి తీసిన బంకను కాచి టర్పెంటైన్, గుగ్గిలాన్ని పోలిన రోజిన్ తీసేవారు. కొయ్య ఓడలకు పూతగా వాడిన కాలం నుంచి ఈ సరుకులకు 'నావల్ స్టోర్స్' అన్న పేరు నిలిచిపోయింది. 1880ల తర్వాత కొన్ని దశాబ్దాలు ఈ సరుకుకు ప్రపంచంలో సవానాయే పెద్ద రేవు.

పళ్ల కథ ఇంకా రసవత్తరం. జార్జియాను 'పీచ్ రాష్ట్రం' అనిపించుకునేలా చేసింది ఈ రైలు-ఓడ దారే. 1850ల మొదట్లోనే కొలంబస్ తోట యజమాని రాఫెల్ మోజెస్ పీచ్ పళ్లను బొగ్గుపొడిలో కాకుండా షాంపేన్ సీసాల బుట్టల్లో సర్ది, సవానా మీదుగా స్టీమర్లో న్యూయార్కుకు పంపాడు. గాలి ఆడితే పండు రుచి చెడదని కనిపెట్టాడు. 1870లలో మార్షల్‌విల్‌లో శామ్యూల్ రంఫ్ ఎల్బెర్టా రకాన్ని పెంచాడు. ఆ పేరు ఆయన భార్యది. గట్టి కండ ఉన్న ఆ పండు ప్రయాణానికి తట్టుకుంది. ఐసు పెట్టెల్లో పెట్టి పంపే పద్ధతినీ ఆయనే రూపొందించాడు. మార్షల్‌విల్ సెంట్రల్ లైను మీది ఊరే. చెట్టు మీద పండు కోసినప్పటి నుంచి న్యూయార్కు బజారు దాకా ప్రతి గంటా లెక్క. ఉలవపాడు మామిడిని దూర దేశం పంపేవాళ్లకు ఆ ఆదుర్దా తెలిసిందే. వేసవి మధ్యలో పుచ్చకాయల వంతు. తిరుగు ప్రయాణంలో ఉత్తరాది ఫ్యాక్టరీల బట్టలు, చెప్పులు, కుట్టుమిషన్లు, ఇనుప సామాను దక్షిణాది దుకాణాలకు దిగేవి.

మూడు రోజుల ప్రయాణం

సరుకు ఓడలను బతికించింది. జనం గుర్తుపెట్టుకున్నది మాత్రం ప్రయాణాన్ని. సవానా నుంచి న్యూయార్కుకు సుమారు 700 నాటికల్ మైళ్లు. రెండున్నర నుంచి మూడు రోజులు పట్టేది. రైలు కంటే ఆలస్యం, రైలు కంటే చవక. టిక్కెట్టులోనే గదిలో పడక, మూడు పూటలా భోజనం కలిసి ఉండేవి. రైల్లో దుమ్ము, మసి, బండి మార్పులు. ఓడలో డెక్కు మీద కుర్చీ, సముద్రపు గాలి, చప్పుడు లేని రాత్రి. కొత్తగా పెళ్లయిన జంటలకు ఈ ప్రయాణం మోజు. చలికాలంలో ఉత్తరాది ధనికులు సవానాలో దిగి ఫ్లోరిడా రైలు పట్టుకునేవారు. ఎండాకాలంలో జార్జియా కుటుంబాలు చల్లని బోస్టన్ వైపు వెళ్లేవి. మేకన్‌లోనో అట్లాంటాలోనో కౌంటరు దగ్గర ఒకే టిక్కెట్టు కొంటే రైలు, ఓడ రెండూ అందులోనే. పెట్టెలు కంపెనీయే మార్పించేది.

అందరికీ ఒకే డెక్కు కాదు. జార్జియాలో 1891 చట్టం రైళ్లలో నల్లవాళ్లకు వేరే పెట్టెలు తప్పనిసరి చేసింది. ఓడల్లోనూ వాళ్ల చోటు వేరే. అయినా మొదటి ప్రపంచయుద్ధం నాటి నుంచి పల్లెలు వదిలి ఉత్తరాదికి సాగిన లక్షల మంది నల్లవాళ్ల మహావలసలో జార్జియా తీరపు జనానికి ఈ స్టీమరు ఒక దారి అయింది. న్యూయార్కులోని హార్లెమ్‌లో స్థిరపడిన ఎన్నో జార్జియా కుటుంబాలకు ఊరి చివరి జ్ఞాపకం సవానా వార్ఫే. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి రంగూన్ స్టీమరు ఎక్కిన తెలుగు కూలీల కుటుంబాల్లో ఆ రేవులు ఎలా మిగిలాయో ఇదీ అలాంటిదే. ఎక్కినప్పటి గుండెదడ, మోసుకెళ్లిన మూట, ఒడ్డున నిలబడ్డ అమ్మ, వాటికి భాషతో పనిలేదు.

రాళ్లు, తుపాన్లు, చీకట్లో ఒక జలాంతర్గామి

తీరం వెంట నడిచే ఓడకు నడిసంద్రపు ఓడ కంటే ప్రమాదం ఎక్కువ. నడిసంద్రంలో నీరే ఉంటుంది. తీరం దగ్గర రాళ్లు, ఇసుక మెట్టలు, ఎదురొచ్చే ఓడలు.

1884 జనవరి 18 తెల్లవారుజామున సిటీ ఆఫ్ కొలంబస్ బోస్టన్ నుంచి సవానా వెళ్తూ మసాచుసెట్స్ తీరంలో గే హెడ్ దీపస్తంభం కింద డెవిల్స్ బ్రిడ్జ్ అనే రాతి వరుసకు గుద్దుకుంది. ఓషన్ కంపెనీ కట్టించిన ఈ ఓడ అప్పటికి బోస్టన్ అండ్ సవానా స్టీమ్‌షిప్ కంపెనీ చేతిలో ఉంది. ఎముకలు కొరికే చలి. నూటికి పైగా చనిపోయారు, 29 మంది బయటపడ్డారు. ఓడలోని స్త్రీలలో, పిల్లల్లో ఒక్కరూ మిగల్లేదు. గే హెడ్‌లో ఉండే వాంపనోగ్ తెగ మూలవాసులు పడవలు వేసుకుని ఆ అలల్లోకి వెళ్లి తాళ్లకు వేలాడుతున్నవాళ్లను లాగి తెచ్చారు. వాళ్లకు తర్వాత పతకాలు ఇచ్చారు.

1893 ఆగస్టు 27 రాత్రి సీ ఐలాండ్స్ తుపాను జార్జియా, దక్షిణ కరోలినా తీరాన్ని ఊడ్చేసింది. లంక గ్రామాల్లో వేయి మందికి పైగా కొట్టుకుపోయారు. దివిసీమ ఉప్పెన చూసిన తెలుగువాళ్లు ఆ దృశ్యాన్ని ఊహించుకోగలరు. బోస్టన్ నుంచి ఇంటికి చేరువవుతున్న సిటీ ఆఫ్ సవానా ఆ గాలిలో దక్షిణ కరోలినా తీరపు మెట్టల మీదికి ఎక్కి విరిగింది. ప్రయాణికులు విరిగిన ఓడను పట్టుకుని బతికారు. వాళ్లను దింపుకుని ఒడ్డుకు చేర్చింది అదే కంపెనీకి చెందిన సిటీ ఆఫ్ బర్మింగ్‌హామ్.

1925 సెప్టెంబరు 25 రాత్రి జరిగిన ప్రమాదం దేశమంతా మారుమోగింది. సవానా నుంచి బోస్టన్ వెళ్తున్న సిటీ ఆఫ్ రోమ్, బ్లాక్ ఐలాండ్ దగ్గర నీటిపై నడుస్తున్న అమెరికా నౌకాదళపు జలాంతర్గామి ఎస్-51ను ఢీకొంది. ఇక్కడ రోమ్ అంటే ఇటలీది కాదు, సెంట్రల్ పట్టాలు వెళ్లిన ఉత్తర జార్జియా రోమ్. జలాంతర్గామి నిమిషం తిరక్కుండా మునిగిపోయింది. 33 మంది నావికులు పోయారు. ముగ్గురినే స్టీమరు పైకి తీసుకోగలిగింది. మరుసటేడు జులైలో ఎడ్వర్డ్ ఎల్స్‌బర్గ్ అనే ఇంజనీరు అధికారి ఆ జలాంతర్గామిని సముద్రం అడుగునుంచి పైకి తేల్పించాడు. నౌకాదళ చరిత్రలో అది గొప్ప సాహసంగా నిలిచింది.

రెండు యుద్ధాలు

ఒక చిన్న తీరపు ఓడ ప్రపంచ చరిత్రలోకి ఎక్కిన రోజు 1917 మార్చి 17. యూరప్‌లో యుద్ధం మండుతోంది. అమెరికా ఇంకా తటస్థం. పత్తికి అక్కడ గిరాకీ కాబట్టి సవానా లైన్ ఓడ సిటీ ఆఫ్ మెంఫిస్ సముద్రం దాటింది. సరుకు దించి ఖాళీగా బ్రిటన్‌లోని కార్డిఫ్ నుంచి న్యూయార్కుకు తిరిగి వస్తుండగా ఐర్లండ్ దక్షిణాన జర్మన్ జలాంతర్గామి దాన్ని ముంచేసింది. నావికులందరూ పడవల్లో బయటపడ్డారు. ముందురోజు విజిలాన్షియా, మరునాడు ఇల్లినాయిస్. వరసగా మూడు రోజుల్లో మూడు అమెరికా ఓడలు. అధ్యక్షుడు విల్సన్ మార్చి 20న మంత్రివర్గాన్ని సమావేశపరిచాడు. ఏప్రిల్ 2న కాంగ్రెసు ముందు నిలబడి యుద్ధం అడిగాడు. ఏప్రిల్ 6న అమెరికా యుద్ధంలోకి దిగింది. జార్జియా రైలు కంపెనీ పత్తి ఓడ ఒకటి ఆ నిర్ణయపు బరువులో ఒక వంతు మోసింది.

సవానా లైన్ అమ్మేసిన మరో ఓడకూ ఆ యుద్ధంలోనే అంతం రాసిపెట్టి ఉంది. హెన్రీ ప్లాంట్ 'లా గ్రాండ్ డచెస్' పేరుతో కట్టించిన ఓడను కంపెనీ 1901లో కొని సిటీ ఆఫ్ సవానా అని పేరు మార్చింది. తర్వాత అది ప్యూర్టో రికో కంపెనీకి వెళ్లి కరోలినా అయింది. 1918 జూన్ 2న జర్మన్ జలాంతర్గామి యు-151 అమెరికా తీరం దగ్గరే దాన్ని ముంచింది.

ఈ మధ్యలో కంపెనీని మరో రెండు దెబ్బలు తాకాయి. మొదటిది చట్టం. 1912 నాటి పనామా కాలువ చట్టం రైలు కంపెనీలు తమతో పోటీపడే ఓడలకు యజమానులుగా ఉండరాదంది. రైలు, ఓడ రెండూ ఒకడివే అయితే కిరాయి దించేవాడెవడన్నది చట్టం చేసినవాళ్ల భయం. న్యాయమైన భయమే. అయితే సవానా లైన్ రైలుకు పోటీ కాదు, రైలుకు పొడిగింపు. కంపెనీ అలాగే కొనసాగింది. సెంట్రల్ మాత్రం అప్పటికే స్వతంత్రం కోల్పోయింది. 1892లో దివాలా అంచుకు వెళ్లి కోర్టు రిసీవరు కిందికి వచ్చింది. 1895లో సెంట్రల్ ఆఫ్ జార్జియా రైల్వేగా మళ్లీ నిలబడింది. 1907లో రైళ్ల అధిపతి హారిమన్ చేతికి, 1909లో ఇల్లినాయిస్ సెంట్రల్ చేతికి పోయింది.

రెండో దెబ్బ పురుగు. పత్తి కాయను తొలిచే బోల్ వీవిల్ 1915 ప్రాంతంలో జార్జియాలోకి వచ్చింది. 1914లో రాష్ట్రం 28 లక్షల బేళ్లు పండించింది. 1923 నాటికి అది 6 లక్షల బేళ్లకు పడిపోయింది. కాయతొలుచు పురుగు ఏం చేయగలదో గుంటూరు, వరంగల్ రైతులకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ 1923లోనే కంపెనీ తన చివరి కొత్త ఓడలు రెండు, సిటీ ఆఫ్ చాటనూగా, పాత పేరుతోనే మరో సిటీ ఆఫ్ బర్మింగ్‌హామ్ దింపింది. కడుపు నింపాల్సిన పత్తి తగ్గిన ఏడాదే అంత డబ్బు ఓడల మీద పెట్టడం ఇప్పుడు చూస్తే దుస్సాహసంగా కనిపిస్తుంది. కంపెనీ నమ్మకం ప్రయాణికుల మీద. ఆ నమ్మకాన్ని మోటారు కార్లు, బస్సులు, లారీలు తినేశాయి. వాకిట్లో నుంచి వాకిట్లోకి చేర్చే బండి ముందు రేవు నుంచి రేవుకు చేర్చే ఓడ నిలవలేకపోయింది. ఆర్థిక మాంద్యపు 1930లలో పక్క తీరాల్లో ఒక్కో కంపెనీ మూతపడింది. న్యూ హేవెన్ రైలుకు చెందిన పేరుమోసిన ఫాల్ రివర్ లైన్ 1937లో ఆగిపోయింది. సవానా లైన్ ఈడుస్తూ వచ్చింది.

1942 జనవరి. అమెరికా మళ్లీ యుద్ధంలో ఉంది. తీరపు ఊళ్లలో దీపాలు మాత్రం ఇంకా ఆర్పలేదు. ఆ వెలుతురు ముందు నడిచే ఓడలు తెర మీది బొమ్మల్లా స్పష్టంగా కనిపించాయి. జనవరి 19న యు-123 జలాంతర్గామి కెప్టెన్ రైన్‌హార్డ్ హార్డెగెన్ హాటరస్ అగ్రం దగ్గర ఒక పాత స్టీమరుపై టార్పిడో వదిలాడు. అది 1904లో కట్టిన సిటీ ఆఫ్ అట్లాంటా. న్యూయార్కు నుంచి సవానాకు ఇంటిదారి పట్టింది. చలికి, నీళ్లకు నలభై మందికి పైగా చనిపోయారు. మిగిలింది ముగ్గురు. అదే ఏడాది వేసవిలో సిటీ ఆఫ్ బర్మింగ్‌హామ్ సుమారు 380 మందితో బెర్ముడా వెళ్తుండగా యు-202 ముంచింది. ఓడ కొద్ది నిమిషాల్లోనే మునిగినా వెంట రక్షణగా వచ్చిన నౌక దాదాపు అందరినీ ఎత్తుకుంది. తొమ్మిది మంది దక్కలేదు.

మిగిలిన ఓడలను ప్రభుత్వం యుద్ధం పనికి తీసుకుంది. యుద్ధం అయ్యాక సవానా-న్యూయార్కు ప్రయాణికుల ఓడ మళ్లీ బయల్దేరలేదు. కొత్త ఓడలు కట్టాలంటే యుద్ధం తర్వాతి ధరలు. అమెరికా తీరంలో నడిచే ఓడ అమెరికాలోనే కట్టాలన్నది 1920 నాటి జోన్స్ చట్టం. పోటీగా లారీలు. ఎవరు లెక్క వేసినా నష్టమే తేలేది.

మిగిలినవి

సెంట్రల్ తన ప్రయాణికుల సేవను రైలు మీదే కొన్నాళ్లు నిలబెట్టింది. 1947లో అట్లాంటా-సవానా మధ్య 'నాన్సీ హాంక్స్' రైలు మొదలైంది. 1971 ఏప్రిల్ చివర ఆగింది. 1963లో కంపెనీ సదరన్ రైల్వే చేతికి వెళ్లింది. ఇప్పుడు అల్ఫారెట్టా నుంచి సవానా బీచికి వెళ్లే కార్లు మేకన్‌లో ఎక్కే ఐ-16 రోడ్డు, పాత సెంట్రల్ పట్టాలలాగే, మేకన్‌ను సవానాతో కలుపుతుంది.

సవానాలో ఆ కంపెనీ రైలు కార్ఖానా జార్జియా స్టేట్ రైల్‌రోడ్ మ్యూజియంగా ఉంది. ఇంజన్లను తిప్పే గుండ్రటి వేదిక ఇప్పటికీ తిరుగుతుంది. 1819 నాటి 'సవానా' ఓడకు పెట్టుబడి పెట్టినవాళ్లలో ఒకడైన విలియం స్కార్‌బ్రో ఇల్లు ఓడల మ్యూజియం అయింది. గది నిండా ఓడల నమూనాలు ఉంటాయి. రెండూ నడిచి వెళ్లగలిగినంత దగ్గర. పిల్లలతో వెళ్లినవాళ్లు రైలు మ్యూజియం ముందు, ఓడల మ్యూజియం తర్వాత చూస్తే కథ జరిగిన వరసలోనే కళ్ల ముందు నిలుస్తుంది.

నది ఒడ్డున కంపెనీ వార్ఫులను జార్జియా పోర్ట్స్ అథారిటీ 1958లో సెంట్రల్ ఆఫ్ జార్జియా నుంచి కొన్నది. అక్కడిప్పుడు ప్రయాణికుల ఓడలు ఆగవు. సరుకు ఓడలు వస్తాయి, క్రేన్లు పనిచేస్తాయి. ఆ రేవు పేరు ఇప్పటికీ ఓషన్ టెర్మినలే.